క్రుషిన్యానీలో ఒక పూట

బియావిస్తోక్ దాటి తూర్పుకు పోయేకొద్దీ ఊళ్లు పలచబడతాయి. క్రింకిలో మొండిగోడలుగా మిగిలిన పెద్ద యూదు ప్రార్థనాలయం చూసుకుని, మధ్యాహ్నానికి క్రుషిన్యానీ చేరాను. పోలండ్ ఇక్కడితో అయిపోతుంది, ఆ పక్కనే బెలారుస్.

నన్ను ఇంతదూరం రప్పించింది ఇక్కడి మసీదు. 18వ శతాబ్దం చివర్లో కట్టిందంటారు. దేశంలో నిలిచి ఉన్న మసీదుల్లో ఇదే పాతది. అంతా చెక్కే, ఆకుపచ్చ రంగు. ముందువైపు జంట బురుజులు. వాటి కొనన నెలవంకలు లేకపోతే పల్లెటూరి చర్చి అనుకుంటాం. కట్టిన వడ్రంగులకు అలవాటైన పని అదే మరి! గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను. కింద తివాచీలు, గోడల నిండా ఫ్రేములు కట్టిన ఖురాన్ వాక్యాలు. మగవాళ్ల గదికీ ఆడవాళ్ల గదికీ నడుమ గోడలో సన్నటి సందు, దానికో పల్చటి తెర.

ఈ మసీదు లిప్కా తాతార్లనే ముస్లింలది. వాళ్లు ఒకప్పుడు పోలండ్ సైన్యంలో రౌతులు. జీతాలు అందక, మత స్వేచ్ఛ తగ్గి, 1672లో చాలామంది తిరగబడి తుర్కుల పక్షం చేరారు. వాళ్లను మళ్లీ దగ్గరికి తీసిన రాజు మూడవ యాన్ సొబియెస్కి, 1679లో బాకీపడ్డ జీతాలకు బదులుగా ఈ నేలలు రాసిచ్చాడు. తాతార్ల సొంత భాష ఏనాడో పోయింది. ఊరివాళ్లు మాట్లాడే బెలారుసియన్‌నే అరబ్బీ లిపిలో పెట్టి మతగ్రంథాలు రాసుకున్నారు. భాష వదులుకుని కూడా నమాజు వదలని ఆ పట్టు నాకు గొప్పగా తోచింది.

ఇక భోజనం. పియెరెకాచెవ్నిక్ అని ఇక్కడివాళ్ల పండుగ వంటకం. పిండిని ఆరు పల్చటి రేకులుగా ఒత్తి, ఒక్కోదానికీ వెన్న రాసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన మాంసం పరిచి చుట్టేస్తారు. ఆ చుట్టను నత్తగుల్లలా గుండ్రంగా తిప్పి పళ్లెంలో పెట్టి కాలుస్తారు. కోసిన ముక్కలో పొరలు విడివిడిగా కనిపించాయి. పైపొర కరకర, లోపలిది మెత్తగా, వెన్నలో మాంసం రసం ఇంకిపోయి. వడ్డించిన పెద్దావిడ నా పళ్లెం ఖాళీ అవగానే అడక్కుండానే ఇంకో ముక్క వేసింది. పులావు, బిర్యానీ ఊళ్లు తిరిగిన నాలుకతోనే చెబుతున్నాను, దీనికోసం మళ్లీ ఇంతదూరం రావచ్చు.

ఊరి చివర చెట్ల కింద శ్మశానం. దాన్ని మిజార్ అంటారు. రాళ్ల మీద పోలిష్, రష్యన్, అరబ్బీ రాతలు కలగలిసి ఉన్నాయి.

ఇలాంటి శ్మశానమే మరో తాతార్ ఊరు బోహోనికిలోనూ ఉంది. 2021లో బెలారుస్ అడవుల మీదుగా సరిహద్దు దాటుతూ చనిపోయిన పరాయి దేశాల ముస్లింలలో కొందరిని, అక్కడి తాతార్లు జనాజా నమాజు చదివి తమ శ్మశానంలోనే పాతిపెట్టారు. వారిలో పేరైనా తెలియనివాళ్లున్నారు. మరుసటి ఏడాది పోలండ్ ఈ సరిహద్దు వెంట 5.5 మీటర్ల ఎత్తున ఉక్కు కంచె కట్టింది. వచ్చేవాళ్లు చాలామంది క్రుషిన్యానీలో భోంచేసి వెనుదిరుగుతారు. బోహోనికి దాకా తప్పక వెళ్లమంటాను.