పానగల్లు చెరువుగట్టు మీద

నల్లగొండ వెళ్ళినవారు పక్కనే ఉన్న పానగల్లును చూడకుండా తిరిగి రావడం న్యాయం కాదు. ఒకప్పుడు కందూరు చోడులకు రాజధాని అది. మొన్న సెలవులలో మేము సకుటుంబంగా వెళ్ళాము.

పచ్చల సోమేశ్వరాలయం దగ్గర పురావస్తు ప్రదర్శనశాల ఉన్నది. శిథిల విగ్రహాలను, శాసనాలను భద్రంగా నిలబెట్టారు. ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దు తిరిగినా కదలని నీడను చూసి పిల్లలు ముక్కున వేలేసుకున్నారు. అక్కడినుంచి ఉదయసముద్రం గట్టెక్కాము. ఉదయ చోడుని పేరు వందల ఏళ్ళుగా మోస్తున్న చెరువు అది!

గట్టుమీద ఒక వృద్ధుడు మనుమరాలితో కూర్చున్నాడు. నడుము వంగిపోయింది, పళ్ళమీద గోధుమరంగు చారలు.

"ఏ నీళ్ళు తాగేవారు తాతా?" అన్నాను.

"బాయి నీళ్ళే సారూ. సల్లగ, తియ్యగ ఉండేటివి. బొక్కలు తింటయని ఎవరికెరుక?"

ఈ గడ్డ కింది రాళ్ళలోని ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ముప్పు. పటిక, సున్నం కలిపి నీటిని తేర్చే పద్ధతిని నాగపూరు శాస్త్రజ్ఞులు రూపొందించారు. దానికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరు వచ్చింది. ఊరికి కీర్తి దక్కింది గాని, ఎంత ఖరీదైన కీర్తి!

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదిలినా, మెట్టమీది ఈ పల్లెలకు అది ఎక్కలేదు. తరువాత పుట్టంగండి దగ్గర పంపులు పెట్టి కృష్ణను పైకి తోడారు. ఆ నీరు అక్కంపల్లి మీదుగా ఈ చెరువుకు చేరింది. చోడులు కట్టిన గట్టే కొత్త నీటికీ ఆధారమయింది.

లండనులో క్యూ బ్రిడ్జి దగ్గర, నగరానికి నీరు తోడిన పాత పంపింగు స్టేషనును 1975లో మ్యూజియముగా తెరిచారు. మన పానగల్లు ప్రదర్శనశాలలో కూడా ఒక బావి చేద, ఒక పటిక బకెట్టు, ఒక పంపు నమూనా ఉంచితే ఎంత బాగుండును! రాజుల కథ రాళ్ళు చెబుతాయి. నీళ్ళ కథ చెప్పవలసిన వృద్ధులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

మేము లేస్తుంటే వృద్ధుడు మనుమరాలి గడ్డం పట్టుకుని, "గీ పిల్ల పండ్లు జూడుండ్రి సారూ!" అన్నాడు.

ఆ పిల్ల సిగ్గుపడి నవ్వింది. పలువరుస మల్లెమొగ్గల్లా తెల్లగా ఉన్నది.