నాలుగు భాషల చదువు

మేళ్లచెరువు సున్నపురాతి సీమయందలి గ్రామము. పూర్వము నల్లగొండ జిల్లాలో నుండి, 2016లో సూర్యాపేట జిల్లాలో చేరినది. శివరాత్రినాడు శంభులింగేశ్వరస్వామి ఆలయమునకు జనము తండోపతండములుగా వచ్చుదురు. ఆ ప్రాంతమున సిమెంటు కర్మాగారములు వెలసినవి. నేలలోని రాతిని పగులగొట్టి, పొడిచేసి, కాల్చి, బస్తాలకెత్తి దూరప్రాంతములకు పంపుట అచ్చటి నిత్యకృత్యము. రాతిని నమ్ముకొని బ్రతుకు కుటుంబములు అచ్చట పెక్కు గలవు.

సుమారు రెండువేల యేండ్లకు పూర్వమును కృష్ణాతీరపు జనులు ఇట్టి సున్నపురాతినే నమ్ముకొనిరి. అయితే వారు దానిని పలకలుగా తీసి, వానిపై బొమ్మలు చెక్కిరి, అక్షరములు మలచిరి. మేళ్లచెరువునుండి నది వెంట ఎగువకు పోయినచో నాగార్జునకొండ, తూర్పునకు పోయినచో జగ్గయ్యపేట, వాయవ్యమునకు పోయినచో ఫణిగిరి కనబడును. ఈ మూడు చోట్లను బౌద్ధస్తూపములు వెలసినవి, శాసనములు దొరకినవి. ఆ శాసనముల భాష తెలుగు కాదు. ఆ లిపియు నేటి లిపి కాదు. వానిని చదువుటకు వేరొక చదువు కావలయును.

మేళ్లచెరువు బడిలో చదివి, కళాశాలలో పట్టము పొందిన యొక బాలిక, పై చదువునకు బౌద్ధవాఙ్మయమును ఎంచుకొన్నదనుకొనుడు. తల్లి యడుగు మొదటి ప్రశ్న యేదో చెప్పనక్కరలేదు. “బిడ్డా! ఈ చదువు కూడు పెట్టునా?” అని యామె యడుగును. కోటి విద్యలు కూటికొరకే యను సామెత పుట్టిన నేల యిది. తల్లి ప్రశ్నలో తప్పు లేదు. దానికి బదులు చెప్పుటకు ముందు ఆ చదువెట్టిదో తెలిసికొనవలయును.

ఆ బాలిక మొదట నేర్వవలసినవి సంస్కృతము, పాలి. బుద్ధుడు జనుల మాటలలోనే ధర్మమును బోధించెను. ఆయన శిష్యులు ఆ బోధలను కంఠస్థము చేసి, వల్లెవేసి, తరతరములకు అందించిరి. అవి క్రీస్తునకు పూర్వము ఒకటవ శతాబ్దమున సింహళమందు తాటాకులకు ఎక్కినవని ఆ దేశపు చరిత్రలు చెప్పుచున్నవి. అదియే పాలి త్రిపిటకము. పాలికి తనదైన లిపి లేదు. సింహళమున సింహళలిపిలోను, మయన్మారులో ఆ దేశపు లిపిలోను దానిని వ్రాసికొనిరి. 1881లో రైస్ డేవిడ్సు పండితుడు ఇంగ్లండులో పాలి గ్రంథసమాజమును స్థాపించిన పిమ్మట రోమను లిపిలోను ఆ గ్రంథములు అచ్చుపడజొచ్చినవి.

పాలి యనగానే బెదరనక్కరలేదు. దాని తాళపుచెవి ఎనిమిదవ తరగతి వ్యాకరణములోనే యున్నది. ధర్మము దమ్మమైనట్లును, పక్షి పక్కియైనట్లును, రత్నము రతనమైనట్లును, ఆశ్చర్యము అచ్చెరువైనట్లును బాలురు ప్రకృతి వికృతులలో చదువుకొందురు. పాలిలో ఆ మాటలే ధమ్మ, పక్ఖి, రతన, అచ్ఛరియ అని వినబడును. ప్రాకృతభాషలు ఒకప్పుడు తెలుగునేలపై రాజశాసనములకును, దానధర్మములకును వాడుకలో నుండినవి. ఆ చనవున వచ్చి నిలిచిపోయిన మాటలే తెలుగులోని తద్భవములలో పెక్కు. కావున ఆ బాలిక కొత్తభాషను నేర్చుచున్నట్లుండదు. ఎన్నడో విడిపోయిన చుట్టములను గుర్తుపట్టుచున్నట్లుండును.

ఆ గుర్తుపట్టుట జగ్గయ్యపేటలో ఫలించును. అచ్చటి స్తూపమును 1882లో బర్జెస్ పండితుడు పరిశీలించెను. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని యేలుబడిలో 20వ యేట సిద్ధార్థుడను శిల్పి ఆ మహాచైత్యపు తూర్పు ద్వారమున ఐదు ఆయకస్తంభములను ప్రతిష్ఠించినట్లు అందలి ప్రాకృతశాసనము తెలుపుచున్నది. ఆయన రాజు కాడు, మంత్రి కాడు, చేతిపనివాడు. తన యూరిపేరును, తండ్రిపేరును చెప్పుకొని, దానమిచ్చి, సంతోషించిన యొక సామాన్యుడు. ఆ నాలుగు పంక్తులు చదువగలవారు లేకున్నచో ఆ స్తంభములు వట్టి రాళ్లు. చదువగలవారున్నచో ఒక మనుష్యుడు పదునేడు వందల యేండ్ల యవతలనుండి పలుకరించును.

అదే స్తూపముకడ దొరకిన యొక బుద్ధవిగ్రహముపై నాగార్జునాచార్యుని పేరు గలదు. ఆయన శిష్యుని శిష్యుడైన చంద్రప్రభుడు ఆ విగ్రహమును ప్రతిష్ఠించెనని యందున్నది. పేరు చూడగానే అది మాధ్యమిక దర్శనమును స్థాపించిన మహాపండితుని పేరని ఉప్పొంగుట సహజము. కాని ఆ యక్షరముల తీరు ఆ మహాపండితుని కాలమునకు కొన్ని శతాబ్దుల తరువాతిది. ఒకే పేరుగలవా రిరువురు ఉండవచ్చును. ఇట్టిచోట ఉత్సాహమును ఆపుకొని అక్షరమును నమ్ముట ఈ విద్య నేర్పు మొదటి వినయము.

నాగార్జునకొండ కథ మరియొకటి. ఆ లోయలోని శిథిలములు 1926లో పండితలోకమునకు తెలిసినవి. లాంగ్‌హరస్టు పండితుడు 1927 మొదలు 1931 వరకు అచ్చట త్రవ్వకములు జరిపించెను. డచ్చి దేశస్థుడైన వోగెలు పండితుడు ఆ శాసనములను చదివి ప్రకటించెను. వానిలో బోధిశ్రీ యను ఉపాసికది యొకటి. సింహళదేశపు స్థవిరుల నిమిత్తము చైత్యగృహమును కట్టించితినని చెప్పుచు, ఆ స్థవిరులు ధర్మమును బోధించిన దేశములను ఆమె పేర్కొన్నది. కాశ్మీరము, గాంధారము, చీన, వంగము, వనవాసి, దమిళము మొదలగు పేర్లు అందున్నవి. తెలుగునాటి యొక గృహిణి కట్టించిన కట్టడముపై అన్ని దేశములు నిలిచినవి!

తరువాత నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగినది. నీరు వచ్చులోపల ఉన్నంత దక్కించుకొనుటకై 1954 మొదలు 1960 వరకు పురావస్తుశాఖ పెద్దయెత్తున త్రవ్వకములు సాగించినది. కొన్ని కట్టడములను విప్పి ఎత్తైన చోట తిరిగి కట్టిరి. కొండ ద్వీపమై నిలిచినది. లోయ నీట మునిగినది. ఆ నీరు లక్షల యెకరములకు పైరు నిచ్చినది. ఆ మునిగిన నగరపు మాటలు మాత్రము శాసనపాఠములలో మిగిలినవి. వానిని చదువువారుండుటయే ఇప్పుడు ఆ నగరమునకు కట్ట.

పాలి చదువులో ఆ బాలికకు ఒక దుఃఖము ఎదురగును. క్రీస్తుశకము ఐదవ శతాబ్దమున సింహళములో కూర్చబడిన వినయపిటక వ్యాఖ్యలో ‘అంధకట్ఠకథ’ యను పూర్వవ్యాఖ్య పలుమార్లు పేర్కొనబడినది. అనగా ఆంధ్రుల నడుమ వాడుకలోనున్న యొక వ్యాఖ్య. సింహళ వ్యాఖ్యాత దాని యభిప్రాయములను చెప్పి, తరచుగా అవి తనకు సమ్మతములు కావని కాదనెను. ఆ మూలగ్రంథము నేడు లేదు. ఇంటివారి మాట ఎదిరిపక్షమువారి ఖండనలో మాత్రమే మిగిలినది. ఖండించువాడు నిజాయితీపరుడై ఆ మాటను ముందుగా చెప్పెను గనుక అంతమాత్రమైనను దక్కినది.

పోయిన మాటలు వేరు దేశములకు పోయి దాగుటయు గలదు. అందులకే మూడవదియు నాలుగవదియునైన భాషలు కావలయును. అవి టిబెట్టు భాష, చీనా భాష.

నాగార్జునాచార్యుడు శాతవాహన రాజునకు వ్రాసిన ‘సుహృల్లేఖ’ యొక యుత్తరము. రాజు ఎట్లు నడవవలయునో, మనుష్యుడు ఎట్లు బ్రతుకవలయునో అందు చెప్పబడినది. ఏడవ శతాబ్దమున భారతదేశమునకు వచ్చిన ఇత్సింగు, ఈ దేశపు విద్యార్థులు దానిని చిన్ననాడే కంఠస్థము చేయుదురని వ్రాసెను. బాలురు వల్లెవేసిన ఆ సంస్కృతగ్రంథము తరువాత శతాబ్దులపాటు స్వదేశమున ఎవరికిని కనబడలేదు. చీనా భాషలో మూడు అనువాదములును, టిబెట్టు భాషలో ఒకటియు దానిని కాపాడినవి. ఇచ్చటి గురువు ఇచ్చటి రాజునకు వ్రాసిన యుత్తరమును హిమాలయముల యవతలివారు పదిలపరచిరి.

టిబెట్టువారి అనువాదపద్ధతి మెచ్చదగినది. తొమ్మిదవ శతాబ్దారంభమున వారు ‘మహావ్యుత్పత్తి’ యను పదకోశమును సిద్ధపరచి, ఒక్కొక్క సంస్కృతపదమునకు తమ భాషలో ఏ మాట వాడవలయునో నిర్ణయించుకొనిరి. అందువలన వారి అనువాదమును చూచి మూలము ఎట్లుండెనో చాలవరకు ఊహింప వీలగును. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర ప్రాచ్యపరిశోధనాలయమున పనిచేసిన ఎన్. అయ్యస్వామిశాస్త్రి అట్టి కృషి చేసిన పండితుడు. దిఙ్నాగుని ‘ఆలంబనపరీక్ష’ను టిబెట్టు, చీనా అనువాదముల సాయమున తిరిగి సంస్కృతములోనికి తెచ్చి 1942లో ప్రకటించెను. ఆంధ్రదేశమున ఒక కొండపై దిఙ్నాగుడు శాస్త్రము రచించెనని చీనా యాత్రికుడు యువాన్ చ్వాంగు వ్రాసియున్నాడు. ఆయన గ్రంథము అంతదూరము తిరిగి మరల దక్షిణదేశమునకే వచ్చినది. రాహుల సాంకృత్యాయనుడు 1929కిని 1938కిని నడుమ నాలుగు పర్యాయములు టిబెట్టునకు పోయి, మఠములలో దాగియున్న సంస్కృత తాళపత్రములను వెదకి ప్రతులు వ్రాసికొనియు, ఛాయాచిత్రములు తీసియు తెచ్చెను.

టిబెట్టువారి స్మృతిలో తెలుగునేల నేటికిని చెరగలేదు. లాసానగరము చెంత 1416లో వెలసిన డ్రెపుంగ్ మహావిహారమునకు ఆ పేరు శ్రీధాన్యకటకమునుబట్టి వచ్చినది. డ్రెపుంగ్ అనగా ధాన్యపురాశి. మంచుదేశమున కృష్ణాతీరపు వడ్లకుప్ప పేరు నిలిచినది.

చీనా భాషలోని దారి మరింత పొడవైనది. కుమారజీవుడు నాగార్జునుని మాధ్యమికశాస్త్రమును 409లో చీనా భాషకు మార్చెను. ఏడవ శతాబ్దమున యువాన్ చ్వాంగు ధాన్యకటకమునకు వచ్చి, కొన్ని నెలలు నిలిచి, ఇరువురు భిక్షువులకడ మహాసాంఘికుల అభిధర్మమును చదివెను. ఆ భిక్షువులు మరల ఆయనకడ మహాయానశాస్త్రములను చదివిరి. అచ్చట గురువెవరు? శిష్యుడెవరు? ఉభయులును ఉభయులే.

ఒక్క మాట కొరకు ఇన్ని భాషలేల యని యడుగవచ్చును. ‘శూన్యత’ యను మాటనే చూడుడు. పాలిలో అది సుఞ్ఞతా. శూన్యమే ప్రాకృతము మీదుగా తెలుగున సున్నయైనది. బాలుని పలకమీది సున్నయే నాగార్జునుని దర్శనములోని ప్రధానపదము. సున్న యనగా ఏమియు లేకుండుట యని తలచి, అన్నియు లేవని చెప్పినవాడని ఆయనను పలువురు నిందించిరి. చీనా భాషలో ఆ పదమునకు వాడిన యక్షరము ఆకాశమునకును వర్తించును. అచ్చటను కొందరు పొరబడిరి. మూలకారికలను వ్యాఖ్యతో చదివిననాడు సంగతి తేటపడును. కుండ మట్టివలన, సారెవలన, కుమ్మరి చేతివలన కుండయైనది. వీనినన్నింటిని విడిచి, తనంతట తాను నిలుచు కుండ లేదు. అట్లు తనంతట తాను నిలువజాలకుండుటయే శూన్యత. కుండ లేకుండుట కాదు. ఒక పదమును సరిగా చదువకున్నచో ఒక మహాపురుషుని జీవితకాలపు ఆలోచన తలక్రిందులగును.

ఈ చదువునకు చోట్లు లేకపోలేదు. గుంటూరు చెంత 1976లో వెలసిన నాగార్జున విశ్వవిద్యాలయమున మహాయాన బౌద్ధాధ్యయన కేంద్రమును నెలకొల్పిరి. నలందలో 1951లో నవనాలందా మహావిహారము, సారనాథములో 1967లో టిబెట్టు విద్యలకు ఉన్నతసంస్థ ఏర్పడినవి. పాలి, ప్రాకృతములకు 2024లో కేంద్రప్రభుత్వము ప్రాచీనభాషల గౌరవము నిచ్చినది. అయినను ఉద్యోగములు కొలది. పట్టవలసిన యేండ్లు పెక్కు. ధాతురూపములు, టిబెట్టు విభక్తులు, వేలకొలది చీనా యక్షరములు ఓపికను పరీక్షించును. తోటివారు ఇండ్లు కట్టుకొను వేళకు ఆ బాలిక నిఘంటువులో ఒక మాటకొరకు వెదకుచుండును. ఈ సంగతి దాచిపెట్టి తల్లిని ఒప్పించుట ధర్మము కాదు.

ఇక తల్లి ప్రశ్నకు బదులు. ఈ చదువు కూడు పెట్టవచ్చును, పెట్టకపోవచ్చును. కాని చదువనిచో కలుగు నష్టము నిశ్చయము. వోగెలు డచ్చి దేశస్థుడు. బర్జెస్ స్కాట్లండు వాడు. ఇటీవలి కాలమున ఫ్రాన్సు దేశపు సంస్థకు చెందిన పండితులును ఈ నేలపైని ప్రాచీనశాసనములను ఒక్కొక్కటిగ మరల పరిశీలించిరి. దూరమునుండి వచ్చినవారు చదివిరని సంతోషింపవలసినదే. ఇంటివారు చదువలేకుండుట మాత్రము సంతోషింపదగినది కాదు.

ఫణిగిరి గుట్టపై 2001 తరువాతి త్రవ్వకములలో శిల్పములు, శాసనములు బయల్పడినవి. వానిలో కొన్ని శిల్పములు 2023లో న్యూయార్కు నగరపు మ్యూజియములో ప్రదర్శింపబడి లోకముచే కొనియాడబడినవి. రుద్రపురుషదత్తుని 18వ యేట ఒక ప్రధానవైద్యుడు అచ్చట ధర్మచక్రమును ప్రతిష్ఠించెనని యొక శాసనమున గలదు.

ఏనాడో యొకనాడు ఆ బాలిక తల్లిని వెంటబెట్టుకొని అట్టి శాసనముకడకు పోవును. అక్షరముపై అక్షరము వ్రేలితో చూపుచు మెల్లగా చదువును. రాజుపేరు చెప్పునపుడు తల్లి ఊరకుండును. ఇది రోగులకు మందిచ్చిన వైద్యుని దానమని చెప్పగానే, “అయితే మనబోటివాడే గదా బిడ్డా!” అనును. అంతకుమించిన బదులు ఆ ప్రశ్నకు అక్కరలేదు.