శ్రీకాకుళంలో గుప్పెడు మినప పొట్టు

శ్రీకాకుళం అనగానే అందరూ ఉత్తరాంధ్ర జిల్లా అనుకుంటారు. నేను చెప్పేది కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. మా పిన్ని అత్తవారి ఊరు అదే. మొన్న భీష్మ ఏకాదశికి నేనూ, మా వారూ వెళ్ళొచ్చాం.

ముందు స్వామి దర్శనం చేసుకున్నాం. ఇక్కడి దేవుడు ఆంధ్ర మహావిష్ణువు. శ్రీకృష్ణదేవరాయలవారు కళింగ దండయాత్రకు వెళ్తూ ఇక్కడ ఏకాదశి ఉపవాసం ఉన్నారనీ, స్వామి కలలో కనిపించి తెలుగులో ఆముక్తమాల్యద రాయమన్నారనీ చెప్తారు. ఆ మండపంలో కాసేపు కూర్చుంటే మనసు ఎంత హాయిగా ఉంటుందో!

గుడి నుంచి ఇంటికి వెళ్ళేదారిలో రెండు వైపులా మినప చేలే. ఇక్కడ వరి కోతకు కొద్దిరోజుల ముందే, తడి ఆరని చేలో మినుములు చల్లేస్తారు. నేలలో చెమ్మకీ, మంచుకీ పంట వచ్చేస్తుంది. మేం వెళ్ళేసరికి కొందరు మొక్కలు పీకి కుప్పలు వేస్తున్నారు.

పిన్ని ఇంట్లో మేక ఈనింది, కవల పిల్లలు. నెలన్నర వయసు. పెరట్లో వెదురు తడికతో చిన్న దడి కట్టింది. దానికి ఒక సందు. పిల్లలు దూరతాయి, తల్లి దూరలేదు.

"ఇదేంటి పిన్నీ?" అన్నాను.

"పిల్లల భోజనాల గది అమ్మాయ్! తల్లి వస్తే మొత్తం తనే మేసేస్తుంది" అని నవ్వింది. లోపల తొట్టిలో మినప పొట్టు, పైన కట్టిన అవిస కొమ్మ.

తర్వాత నవ్వు ఆపేసి చెప్పింది. పోయినేడు ఇలాగే రెండు పిల్లలు పుట్టాయట. మనవరాలి కాలేజీ ఫీజుకి ఆ రెండే ఆధారం. నూర్పిళ్ళప్పుడు ఒకటి కళ్ళంలో దూరి కడుపునిండా మినుములు తినేసింది. రాత్రికి పొట్ట ఉబ్బింది, తెల్లారేసరికి చచ్చిపోయింది. రెండోది వరిగడ్డే కొరుకుతూ చిక్కిపోయి, సగం ధరకి పోయింది. "ఒకటి ఎక్కువై పోయింది, ఒకటి తక్కువై పోయింది" అంది పిన్ని, కళ్ళు తుడుచుకుంటూ.

ఈ ఏడు పశువుల డాక్టరుగారిని అడిగి చేస్తోంది. వరిగడ్డిలో మాంసకృత్తులు 100కి 3, 4 పాళ్ళే ఉంటాయి. ఎండు లెక్కన చూస్తే అవిసాకులో 20 పాళ్ళకు పైమాటే. తల్లిపాలు తగ్గేనాటికి పిల్లకి ఆ బలం అందాలి. వేసవిలో కాలువలు కట్టేశాక బీళ్ళలో పచ్చగడ్డి ఉండదు కదా! అందుకే ఇప్పుడే మినప కట్టె, పిల్లిపెసర ఎండబెట్టి, వాన తగలకుండా అటక మీద దాచుకుంటోంది. మెట్ట ప్రాంతాల్లో ఇదే పని కంది పొట్టు, వేరుశనగ కట్టె చేస్తాయి.

పిన్ని చెప్పిన పద్ధతి ఇదీ:

పుట్టిన గంటలోపు జున్నుపాలు తాగించాలి. మూడో వారం నుంచి చిటికెడు పొట్టూ, లేత ఆకూ అలవాటు చెయ్యాలి. నెల దాటాక రోజుకి 50 గ్రాములు, అంటే ఓ గుప్పెడు. మూడు నెలలకి మెల్లగా 100 గ్రాములు. ఏదీ ఒక్కసారిగా పెంచకూడదు. గింజలు, అన్నం, గంజి దండిగా పెడితే పొట్ట ఉబ్బుతుంది. సుబాబుల్ ఆకు మంచిదే గానీ, మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు, బొచ్చు ఊడుతుంది. నట్టల మందు, చిటుక రోగం టీకా డాక్టరుగారు చెప్పిన వేళకి వేయించాలి.

మనం ఇడ్లీకి పొట్టు మినపప్పు నానబోసి, కడిగిన పొట్టు తూములో పారబోస్తాం. పిన్ని ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి అది కూడా తెచ్చుకుంటుంది. ఏ రోజుది ఆ రోజే పెట్టాలట, పులిసిన వాసన వస్తే పెట్టకూడదు.

బయల్దేరేటప్పుడు రెండు పిల్లలూ దడిలోంచి ఎగురుకుంటూ వచ్చాయి. "ఈసారి రెండూ నిలుస్తాయి పిన్నీ" అన్నాను. "స్వామి దయ, గుప్పెడు పొట్టు" అంది.

ఇంటికొచ్చాక నేనూ పొట్టు పారబొయ్యడం మానేశాను. మా వీధిలో మేకలున్న ముసలమ్మ పొద్దున్నే గిన్నె పట్టుకుని వస్తోంది.