రాత్రివేళ పగటివెలుగు

మన దేశమునకు విద్యుద్దీపము వచ్చినది మొదలు గృహస్థులు దీపమునందు ఒక్క గుణమునే కోరుచు వచ్చిరి. అది యెంత తెల్లగా, ఎంత ధారాళముగా వెలిగిన నంత మంచిదని వారి భావము. ఆముదపు ప్రమిదనుండి కిరసనాయిలు బుడ్డికిని, బుడ్డినుండి లాంతరునకును, లాంతరునుండి తీగెబల్బునకును, దానినుండి ట్యూబులైటునకును సాగిన ప్రయాణమంతయు ఈ కోరికచేతనే నడచినది. ఆ ప్రయాణమును నేను నిందింపను. బుడ్డిదీపపు పొగలో కన్నులు చికిలించుకొని చదివినవారికి దాని కష్టము తెలియును. ఆ పొగ ఊపిరితిత్తులకు చేయు కీడు వైద్యు లెఱిగినదే. పూర్వపు దీపములే మేలని పాట పాడువారితో నాకు పొత్తు లేదు. కాని రాత్రి తొమ్మిది గంటలకు నట్టింట పగలు కాయుచుండగా మన పిల్లలకు నిద్ర యెట్లు వచ్చునని యడుగుట నా వృత్తిధర్మము. ఏలయనిన, ఆ నిద్రలేమి మఱునాటి యుదయమున నా యెదుటనే వచ్చి బల్లపై కూర్చుండును.

పదవతరగతిలో మొదటి గంట నాది. ప్రతిదినమును కొందఱు పిల్లలు కన్నులు తెఱచియే నిద్రించుచుందురు. వారు సోమరులు కారు. మొన్న నొకనిని లేపి, "ఎన్నింటికి పడుకున్నావురా?" అని యడిగితిని. "పదకొండింటికండీ. కాని ఒంటిగంట దాకా నిద్ర పట్టలేదండీ" అని వాడు తల వంచుకొని చెప్పెను. నిద్ర పట్టలేదనుట వృద్ధుల మాట. పదునైదేండ్ల బాలుని నోట వినదగినది కాదు. చరకుడు శరీరమునకు ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అని మూడు ఊతలను చెప్పెను. మొదటిదానికై తల్లులు పడు శ్రమ అపారము. రెండవదానిని మన మింటిలో ఎవరి బాధ్యతగను ఎంచుట లేదు.

కన్నున్నది చూచుటకే యని మనము చదువుకొంటిమి. 2002వ సంవత్సరమున అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయమునందు డేవిడ్ బెర్సన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును కంటి వెనుకనుండు రెటీనా పొరలో మఱియొక తెగ కణములు స్వయముగా వెలుతురును గ్రహించునని చూపిరి. ఇప్పుడు పగలా, రేయా యని మెదడునకు కబురు పంపుట వీని ముఖ్యమైన కొలువు. చూపు పూర్తిగా పోయిన కొందఱిలో సయితము ఇవి తమ పని తాము చేయుచునే యుండును. వీనిలోని మెలనాప్సిన్ అను పదార్థము 480 నానోమీటర్ల ప్రాంతపు నీలికాంతికి గట్టిగా స్పందించును. నారింజ, ఎఱుపు కాంతులను అంతగా లెక్కచేయదు. నీలికాంతి పడినంతసేపు మెదడులోని గడియారము ఇంకను పగలేయని తలంచి, చీకటివేళ పీనియల్ గ్రంథినుండి వెలువడవలసిన మెలటోనిన్‌ను అణచియుంచును. శరీరమునకు రాత్రి వచ్చినదని చాటు దండోరా ఆ మెలటోనినే. దండోరా ఆలస్యమైనప్పుడు నిద్రయు ఆలస్యమగుట వింత కాదు.

ఇక మన ట్యూబులైటు సంగతి. బల్బుపెట్టెపై 6500 కె. అనియో, 2700 కె. అనియో చిన్న అక్షరములతో నుండును. ఇది కెల్విన్ పేరిట నున్న ఉష్ణమానము. కాంతి వన్నెను తెలుపును. కొవ్వొత్తి వెలుగు ఇంచుమించు 1900, పాతకాలపు తీగెబల్బు 2700, మనము మోజుపడి కొను తెల్లని దీపము 6500. ఇచ్చట భాషలో నొక తమాషా యున్నది. కమ్మరి కొలిమిలో ఇనుము కాలినకొలది ఎఱుపునుండి పసుపునకు, పసుపునుండి తెలుపునకు మాఱును. కావున తెల్లనిదే మిక్కిలి వేడిగలది. అయినను అంగడివారు తెల్లనిదానిని ‘కూల్ డేలైట్’ అనియు, పసుపువన్నెదానిని ‘వార్మ్ వైట్’ అనియు పిలుతురు. డేలైట్ అను మాట మాత్రము సత్యము. పెట్టెపై పగటివెలుగని వ్రాసియున్నదానిని రాత్రికి కొని తెచ్చుకొనుచున్నాము!

ఈ దీపమింత చవుక యగుటకు కారణము నీలి ఎల్.ఇ.డి. దానిని సాధించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమాన మిచ్చిరి. మఱుసటి యేటినుండి మన ప్రభుత్వమును ఉజాలా పథకమున చవుకధరకు కోట్లకొలది దీపములను పంచెను. విద్యుత్తు ఆదా యైనది, మంచిదే. తెల్లగా కనబడు ఎల్.ఇ.డి. దీపము లోపల సాధారణముగా నీలిదీపమే. పైనున్న పసుపుపూత ఆ నీలిమను కొంత మార్చి తెలుపు చేయును. అదే పూత ఎక్కువగా వేసినచో నీలిమ మిక్కిలి తగ్గి వెచ్చని వన్నె వచ్చును. కరెంటు ఖర్చులో భేద మత్యల్పము, ధరలో దాదాపు లేదు. అట్లయిన అడ్డేమి?

అడ్డు మానము. మా వీధిలోని యొక పెద్దమనిషికి ఈ మాట చెప్పగా ఆయన నవ్వి, "ఈ గుడ్డిదీపం పెట్టుకుని కూచుంటే, అమ్మాయిని చూడ్డానికొచ్చిన వాళ్లు మనకి గతి లేదనుకోరూ, మాస్టారూ?" అనెను. పసుపువెలుగనగా పేదఱికమని, తెల్లవెలుగనగా కలిమి యని మన మనస్సులలో నాటుకొనినది. తండ్రుల తరమున ఆ తలంపునకు ఆధారముండెను, నేడు లేదు. చూడవచ్చినవారు వెళ్లిపోయిన పిదపనైనను ఆ దీపమార్పవచ్చును గదా యని నేననగా ఆయన మాట తప్పించెను. మర్యాదకై వెలిగించిన దీపము క్రింద ఆ యింటి పిల్లలు ప్రతిరాత్రియు మేలుకొనియుందురు.

మా యింటిలో నా భార్య వాదము వేఱు. "ఏమండీ, బియ్యంలో రాళ్లేరేది నేను, మీరు కాదు" అని యామె యనెను. ఇందులో న్యాయమున్నది. వంటయింటి తెల్లదీపము జోలికి నేను పోలేదు. భోజనములు ముగిసి గిన్నెలు కడుగువఱకు అది వెలుగును, తరువాత ఆమెయే ఆర్పును. నడిమింటను, పడకగదిలోను దీపములు మార్చితిమి. పిల్లవాని చదువుబల్లపై 2700 వన్నెగల చిన్నదీపము పుస్తకముపైకి వంగియుండును; పైకప్పు దీపమక్కఱలేదు. పసుపువెలుగులో చదివిన కన్నులు చెడునని వెఱచువారు కలరు. అక్షరములు స్పష్టముగా కనబడునంత వెలుగున్నచో వన్నెవలన హాని లేదు. (వానకాలపు ఉసిళ్లు కూడ ఈ దీపములచుట్టు మునుపటంత మూగకుండుట మా యింటి స్త్రీలకు నా శాస్త్రముకంటె నచ్చినది.)

వన్నె మార్చిన మాత్రాన పని యయినదని యెవరును భ్రమపడరాదు. పసుపుదీపములనైనను గదినిండ పదింటిని వెలిగించినచో ప్రయోజనము లేదు. ఎంత వెలుగన్నది ఏ వన్నె యన్నదానికి తీసిపోదు. 2022లో వివిధ దేశముల నిపుణులు కూడి, నిద్రకు ముందు మూడు గంటలు కంటికి చేరు వెలుగు, మెలనాప్సిన్ లెక్కలో 10 లక్స్ మించరాదనియు, పగటివేళ అది 250కి తగ్గరాదనియు సూచించిరి. ఈ రెండవమాటను మనము మఱచుచున్నాము. ఆరుబయట నీడలో సయితము వేలకొలది లక్సుల వెలుగుండగా, పిల్లలను ప్రొద్దుననుండి సాయంకాలమువఱకు కిటికీలు మూసిన గదులలో ఉంచి, రాత్రి దీపమును మాత్రము నిందించుట న్యాయము కాదు. ఈ స్పందన అందఱికి నొక్కతీరున నుండదు. మనిషికి మనిషికి మిక్కిలి భేదమున్నదని పరిశోధనలు చూపినవి. చేతిఫోను విషయములో నా యభిప్రాయమేమనిన, అందలి నీలికాంతికంటె అందలి కబుర్లే ఎక్కువ మేలుకొల్పునవి. ఇక అప్పులబాధచేతనో, ఆస్పత్రిలో రాత్రికొలువుచేతనో నిద్ర లేనివారికి బల్బు మార్చుమని చెప్పుట పరిహాసమగును.

వృద్ధుల మాట ప్రత్యేకముగా చెప్పవలెను. నలువదియేండ్లు దాటినవానికి వచ్చు చత్వారమునకు ఆ సంఖ్యయే పేరైనది, నాకును వచ్చినది. వయస్సుతోపాటు కంటిలోని కటకము పసుపెక్కి, లోనికి పోవు వెలుగే తగ్గును. పిల్లల కటకములు నిర్మలములు, కనుపాపలు పెద్దవి. కావున ఒకే గదిలో, ఒకే దీపము క్రింద, మనుమనికి అతియైన వెలుగు నాయనమ్మకు చాలకపోవచ్చును. ఒకే గదిగల యిండ్లలో దీని కేమి దారియని నన్నొక తల్లి యడిగెను. దీపము నొక్కటిగా పైన వ్రేలాడదీయక, రెండు చిన్నవి చేసి, పెద్దామె చేతిపనియొద్ద నొకటి, పిల్లల పడకకు దూరముగా నొకటి క్రిందుగా ఉంచుమంటిని.

మా తల్లిగారు రాత్రి రెండుమార్లు లేతురు. పెద్దదీపము వేసిన తనకు మరల నిద్రపట్టదని ఆమె చీకటిలోనే గోడ తడుముకొని నడచెడివారు. మంచమునుండి స్నానాలగదివఱకు గోడకు జానెడెత్తున నారింజవన్నె దీపములు రెండు పెట్టించితిమి. వాని వెలుగు గడపను, ఆమె పాదములను చూపునంతే, ముఖమువఱకు రాదు.