ఓటు దాకా ఎన్ని కిలోమీటర్లు?

భద్రాచలం నుంచి జగదల్‌పూర్ వెళ్లే రోడ్డు మీద ఎన్నికల బందోబస్తు రెండు దశాబ్దాలుగా పాఠాలు నేర్చుకుంటోంది. అసలు పాఠం ఇంకా మిగిలే ఉంది

భద్రాచలం నుంచి వచ్చే రోడ్డు చట్టి కూడలి దగ్గర చింతూరు దారిని పక్కకు వదిలేసి ఉత్తరానికి సాగుతుంది. కాసేపటికే దుకాణాల బోర్డుల మీద తెలుగు అక్షరాలు పలచబడి దేవనాగరి మొదలవుతుంది. మాట మాత్రం అంత త్వరగా మారదు. ఛత్తీస్‌గఢ్‌లో అడుగుపెట్టగానే వచ్చే కుంట సంతలో బేరాలు తెలుగులోనే సాగుతాయి. హిందీ వాళ్లకు ఈ ఊరు కోంటా. పక్కనే శబరి నది, అవతలి గట్టున ఒడిశాలోని మోటు. సీలేరు వచ్చి శబరిలో కలిసేది అక్కడే. మూడు రాష్ట్రాలు ఒకే చూపులో కనిపించే చోటు ఇది.

బస్తర్ లోక్‌సభ నియోజకవర్గానికి ఇది దక్షిణపు కొస. ఎనిమిది అసెంబ్లీ సెగ్మెంట్లున్న ఈ గిరిజన రిజర్వుడు స్థానంలో ఎన్నిక జరిపించడం దేశంలో పోలీసులకు అప్పగించే అతి కష్టమైన పనుల్లో ఒకటిగా పేరుపడింది. ఓటరు ఇంటి నుంచి పోలింగ్ కేంద్రం మామూలుగా 2 కిలోమీటర్లకు మించి దూరంలో ఉండకూడదన్నది ఎన్నికల సంఘం నియమం. ఈ రోడ్డుకు రెండు పక్కలా అడవిలో ఉన్న ఊళ్లలో ఆ నియమం ఏమైందో చూస్తే చాలు, పోలీసుల ప్రణాళిక ఎంతవరకు ఫలించిందో, ఎక్కడ ఆగిపోయిందో అర్థమవుతుంది.

కుంట దాటాక వచ్చే ఎర్రబోరు చిన్న ఊరే. కానీ బస్తర్ చరిత్రలో దానికి పెద్ద గాయం ఉంది. 2005లో మొదలైన సల్వాజుడుం ఉద్యమం అడవి ఊళ్లను ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లోకి తెచ్చింది. 2006 జులైలో ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు దాడి చేసి 30 మందికి పైగా చంపేశారు. ఇటు శిబిరాల్లోకి రానివారిలో వేలాది మంది అటు ఖమ్మం, గోదావరి జిల్లాల అడవుల్లోకి వలసపోయారు. తెలుగు నేల మీద గొత్తికోయలంటూ మనం పిలిచేది వీళ్లనే. ఓటరు జాబితా మాత్రం ఊరిని వదిలి రాలేదు. పేరు ఒకచోట, మనిషి మరోచోట. బందోబస్తు ఎంత పకడ్బందీగా ఉన్నా రాష్ట్రం సరిహద్దు దాటిపోయిన ఓటరుకు అది ఉపయోగపడదు. ఈ రోడ్డు మీద ఓటుకు, ఓటరుకు మధ్య ఏర్పడిన దూరాల్లో అన్నిటికన్నా పెద్దది అదే.

తర్వాత వచ్చే దోర్నపాల్ దగ్గర ఎడమవైపు ఒక దారి చీలుతుంది. పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్, చింతల్నార్ మీదుగా జగర్‌గుండా చేరే 56 కిలోమీటర్ల దారి అది. చింతల్నార్‌కు దగ్గర్లోనే 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల అడవిలో 76 మంది జవాన్లు మరణించారు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర, రోడ్డు పనులకు కాపలాగా ఉన్న 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లను మావోయిస్టులు చంపారు. ఈ రోడ్డు ప్రతి కిలోమీటరూ ఎంత ఖరీదైనదో లెక్క వేయాలంటే కాంట్రాక్టరు బిల్లులు చాలవు.

అలాంటి చోటికి ఓటింగ్ యంత్రం ఎలా వెళుతుంది? ముందుగా పోలింగ్ కేంద్రాలను సున్నితమైనవి, అతి సున్నితమైనవి అంటూ విడదీస్తారు. పోలింగ్‌కు వారాల ముందే బలగాలు చుట్టుపక్కల అడవిలోకి చొచ్చుకుపోయి గాలింపు మొదలుపెడతాయి. మందుపాతర్లను పసిగట్టే పరికరాలతో, జాగిలాలతో దారిని తనిఖీ చేసే దళాలు ముందు నడుస్తాయి. సిబ్బందిని హెలికాప్టర్లలో దగ్గరి క్యాంపుకు చేర్చి, అక్కడి నుంచి నడిపిస్తారు. వాహనాలు వద్దు, వెళ్లిన దారిన తిరిగి రావద్దు అన్నవి ఇక్కడ మొదటి సూత్రాలు. కుంట, బీజాపూర్ వంటి సెగ్మెంట్లలో పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 3 గంటలకే ముగుస్తుంది. చీకటి పడేలోగా సిబ్బంది క్యాంపు చేరాలన్నదే ఆ తొందరకు కారణం.

ఈ సూత్రాలేవీ కార్యాలయాల్లో కూర్చుని రాసినవి కావు. 2008 అసెంబ్లీ ఎన్నికలప్పుడు బీజాపూర్ జిల్లా పీడియాలో పోలింగ్ సిబ్బందిని తీసుకొస్తున్న వైమానిక దళ హెలికాప్టర్ మీద కాల్పులు జరిగి సిబ్బందిలో ఒకరు మరణించారు. ఆకాశం కూడా క్షేమం కాదని అప్పుడే తెలిసింది. 2014 లోక్‌సభ ఎన్నికల్లో బస్తర్‌లో ఏప్రిల్ 10న పోలింగ్ ముగిసింది. రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 12న, తిరిగి వస్తున్న పోలింగ్ సిబ్బంది బస్సును బీజాపూర్ జిల్లాలో పేల్చేశారు. ఏడుగురు చనిపోయారు. అదే రోజు దర్భా ప్రాంతంలో జవాన్లు ఎక్కిన అంబులెన్స్‌నూ పేల్చారు. ఓటు పడగానే ఎన్నిక ముగిసినట్టు కాదని, చివరి ఉద్యోగి ఇల్లు చేరినప్పుడే ముగుస్తుందని పోలీసులకు తెలిసొచ్చిన రోజు అది.

సుక్మా ఇప్పుడు జిల్లా కేంద్రం. 2012లో జిల్లాగా ఏర్పడింది. ఎన్నికల వేళ ఇలాంటి పట్టణాల్లో బడులు, హాస్టళ్లు బలగాలతో నిండిపోతాయి. ఎన్నికల సమయంలో పోలీసులకు యజమాని మారతాడు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 28ఎ సెక్షన్ ప్రకారం, నోటిఫికేషన్ నుంచి ఫలితాల ప్రకటన దాకా ఎన్నికల విధుల్లో ఉన్న పోలీసు అధికారులు ఎన్నికల సంఘానికి డెప్యుటేషన్ మీద ఉన్నట్టు లెక్క. మంత్రి ఫోన్‌కు ఆ కొద్ది వారాలూ విలువ తగ్గుతుంది. ఒకేచోట పాతుకుపోయిన అధికారులను ముందే బదిలీ చేస్తారు. కేంద్ర బలగాలను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తిప్పడం కోసమే పోలింగ్‌ను దశలుగా విడగొడతారు. 2024లో ఛత్తీస్‌గఢ్‌లోని 11 స్థానాల్లో మొదటి దశలో, ఏప్రిల్ 19న, పోలింగ్ జరిగింది ఒక్క బస్తర్‌లోనే. రాష్ట్రంలో ఉన్న బలగం బరువంతా ఒకే స్థానం మీద మోపారన్నమాట.

సుక్మా నుంచి జగదల్‌పూర్ దాకా సుమారు 100 కిలోమీటర్లు. తొంగ్‌పాల్ దాటాక రోడ్డు కొండల మధ్యకు దిగుతుంది. అదే జీరం లోయ. సాల, టేకు చెట్ల నీడలో మెలికలు తిరిగే అందమైన ఘాట్ రోడ్డు. 2013 మే 25న కాంగ్రెస్ నాయకుల కాన్వాయ్‌ను మావోయిస్టులు మట్టుపెట్టింది ఇక్కడే. అసెంబ్లీ ఎన్నికల ముందు పరివర్తన్ యాత్ర ముగించుకుని సుక్మా నుంచి వస్తున్న పీసీసీ అధ్యక్షుడు నందకుమార్ పటేల్, సల్వాజుడుం నాయకుడు మహేంద్ర కర్మ సహా దాదాపు 30 మంది ప్రాణాలు కోల్పోయారు. గాయపడిన మాజీ కేంద్ర మంత్రి విద్యాచరణ్ శుక్లా తర్వాత మరణించారు. 2014 మార్చి 11న, లోక్‌సభ పోలింగ్‌కు నెల రోజుల ముందు, తొంగ్‌పాల్ దగ్గర 15 మంది భద్రతా సిబ్బంది బలయ్యారు. 2019 ఏప్రిల్ 9న, పోలింగ్‌కు రెండు రోజుల ముందు, దంతెవాడ జిల్లా శ్యామగిరి దగ్గర ఎమ్మెల్యే భీమా మండావి వాహనాన్ని పేల్చేశారు. ఆయనతోపాటు నలుగురు భద్రతా సిబ్బంది చనిపోయారు. ప్రచారం లేని చోట ఓటరుకు మిగిలే ఎంపిక ఏపాటిది? బూత్‌కు ఎంత కాపలా కావాలో, గ్రామానికి వచ్చి ఓటడిగే మనిషికీ అంత కావాలి.

ఇన్ని దెబ్బల తర్వాత పోలీసులు సులువైన దారి పట్టారు. అడవి ఊళ్లలోని పోలింగ్ కేంద్రాలను రోడ్డు పక్కకు, క్యాంపుల పక్కకు మార్చేశారు. సిబ్బందికి అది క్షేమం. ఓటరుకు మాత్రం కొండలు, వాగులు దాటే నడక. పైగా పోలీసు క్యాంపు పక్కన ఓటు వేసి, వేలి మీద సిరా చుక్కతో, బహిష్కరణ హుకుం జారీ అయిన ఊరికి తిరిగి వెళ్లాలి. దేశమంతా ఫొటోలకు చూపించే ఆ చుక్కను ఇక్కడ దాచుకోవాల్సి వచ్చేది. కాగితం మీద పోలింగ్ ప్రశాంతం. అడవిలో ఓటింగ్ నామమాత్రం.

ఆ కథ కొంత మారింది. దర్భాకు ఆవల, ఒడిశా సరిహద్దు కొండ మీద ఉన్న చాందామెటా గ్రామస్తులు 2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికల్లో మొదటిసారి తమ ఊళ్లోనే ఓటు వేశారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో బస్తర్ స్థానంలోని 56 గ్రామాల ప్రజలు లోక్‌సభకు తొలిసారి సొంత ఊళ్లోని కేంద్రంలో ఓటు వేశారని ఎన్నికల సంఘం ప్రకటించింది. నియోజకవర్గంలో ఓటింగ్ 2009లో సుమారు 47 శాతం. 2014లో 59, 2019లో 66, 2024లో 68 శాతానికి చేరింది. 2024 పోలింగ్ రోజున పెద్ద దాడి జరగలేదు. అయినా ఆ రోజూ ప్రాణనష్టం తప్పలేదు. బీజాపూర్ జిల్లా గల్గం దగ్గర గ్రెనేడ్ లాంచర్ షెల్ ప్రమాదవశాత్తు పేలి ఒక సీఆర్‌పీఎఫ్ జవాను మరణించారు.

68 శాతం అన్న అంకె వెనుక మరో అంకె దాగి ఉంది. మైదానంలోని బస్తర్, కొండగావ్ సెగ్మెంట్లు సగటును పైకి లాగుతుంటే, బీజాపూర్‌లో సగం మంది కూడా ఓటు వేయలేదు. అంటే ఎన్నికల భద్రత అక్కడిదాకా ఇంకా నడిచి చేరలేదు. ఇక్కడే పోలీసు సంస్కరణ ప్రశ్న మొదలవుతుంది.

సల్వాజుడుం కాలంలో గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులన్నారు. అది రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తేల్చింది. ప్రభుత్వం ఆ ఏడాదే కొత్త చట్టం తెచ్చి వారిని సహాయక సాయుధ బలగంగా మార్చుకుంది. తర్వాతి కాలంలో స్థానిక యువకులు, లొంగిపోయిన మావోయిస్టులతో నిండిన జిల్లా రిజర్వు గార్డు ముందు వరుసలో నిలిచింది. భాష తెలిసిన, దారి తెలిసిన పోలీసు వల్ల ఎన్నికల బందోబస్తు తీరే మారిపోయిందన్నది నిజం. అయితే అడవి తెలిసిన పోలీసు, అడవి మనుషులకు జవాబుదారీ అయిన పోలీసు ఒకరే కానక్కరలేదు. 2012 జూన్‌లో సార్కేగూడలో 17 మంది కాల్పుల్లో చనిపోతే వారు మావోయిస్టులన్నారు. వారు మావోయిస్టులనడానికి ఆధారాలు లేవని న్యాయ విచారణ కమిషన్ నివేదిక 2019లో బయటపెట్టింది. 2021 మేలో సిల్గేర్‌లో క్యాంపు వద్దంటూ గుమిగూడిన జనం మీద కాల్పులు జరిగి ముగ్గురు మరణించారు. ఆ ఊళ్లలో ఓటరు ఎవరికి భయపడుతున్నాడన్న ప్రశ్నకు ఒక్క జవాబు సరిపోదు.

ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఇచ్చిన ఆదేశాలు సరిగ్గా ఈ చోటికే దారి చూపాయి. పోలీసుల మీద రాజకీయ ఒత్తిడి తగ్గించే రాష్ట్ర భద్రతా కమిషన్, ఉన్నతాధికారులకు కనీసం రెండేళ్ల పదవీకాలం, పోలీసుల మీద ఫిర్యాదులు వినే స్వతంత్ర సంస్థలు కావాలని చెప్పాయి. ఛత్తీస్‌గఢ్ సహా చాలా రాష్ట్రాలు చట్టాలు తెచ్చి అక్షరాన్ని పాటించి ఆత్మను పక్కనపెట్టాయి. 28ఎ సెక్షన్ కింద కొద్ది వారాలు సాధ్యమైన స్వతంత్రత మిగిలిన అయిదేళ్లూ ఎందుకు సాధ్యం కాదో ఏ ప్రభుత్వమూ వివరించలేదు.

ఇప్పుడు పరిస్థితి వేగంగా మారింది. 2024 ఫిబ్రవరిలో మావోయిస్టు కమాండర్ హిడ్మా సొంతూరు పువర్తిలో భద్రతా బలగాలు క్యాంపు పెట్టాయి. 2025 మేలో అబూజ్‌మడ్‌లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాల కేశవరావు ఎన్‌కౌంటర్‌లో మరణించారు. నవంబరులో మారేడుమిల్లి అడవుల్లో హిడ్మా కూడా చనిపోయాడు. ఎన్నికలు బహిష్కరించాలన్న పిలుపుకు వెనకటి బలం లేదు. కాబట్టి 2029 లోక్‌సభ ఎన్నికల నాటికి పోలీసుల ముందున్న పని కూడా మారుతుంది.

క్యాంపు కాపాడేది పోలింగ్ కేంద్రాన్ని. ఓటరును కాపాడాల్సింది ఠాణా. కుంట నుంచి జగదల్‌పూర్ దాకా క్యాంపులు కొల్లలుగా కనిపిస్తాయి. గోండిలోనో దోర్లీలోనో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, అది పోలీసు మీదే అయినా రసీదు ఇచ్చే ఠాణాలు ఎన్ని ఉన్నాయన్నదే అసలు లెక్క. బూత్ 2 కిలోమీటర్లలో ఉంటే నియమం నెరవేరినట్టే. ఠాణా కూడా అంతే దగ్గరగా, భయం లేకుండా నడిచి వెళ్లగలిగేలా ఉన్నప్పుడే ఈ రోడ్డు మీద ఎన్నిక మామూలు ఎన్నిక అవుతుంది. అప్పుడు హెలికాప్టర్ల అవసరం కూడా ఉండదు.