కశ్మీరీ గేటు దాపున

ఢిల్లీలోని కశ్మీరీ గేటు పేరు వినగానే చరిత్ర చదివినవారికి 1857 సెప్టెంబరు 14 జ్ఞాపకం వస్తుంది. ఆ ఉదయం ఇంగ్లీషు సైనికులు తుపాకిమందు సంచులతో ఈ ద్వారాన్ని పేల్చి నగరంలో చొరబడ్డారు. ఫిరంగి గుండ్ల గాయాలు గోడలపై ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. పాత కారు గల ఢిల్లీవాసికి మాత్రం ఆ పేరుతో తట్టేది మోటారు విడిభాగాల బజారు. 1836 నాటి సెయింట్ జేమ్స్ చర్చి చుట్టుపట్ల వీధులలో గేర్లు, బేరింగులు, హెడ్‌లైట్లు పచారీ సామానువలె రాశులు పోసి ఉంటాయి. చేతిబండికి దారి ఇచ్చి ఒదిగి నిలబడిన మనిషి మళ్ళీ కదలడానికి కొంతసేపు పడుతుంది.

ఒక శీతకాలపు ఉదయం యమున ఆవలినుంచి ఒక చిన్న బట్టల వర్తకుడు పన్నెండేళ్లనాటి పెట్రోలు కారుతో ఇక్కడికి వచ్చాడు. ఇంజను బొమ్మ గల పసుపు దీపం వారం రోజులుగా ఆరడంలేదు. పెట్రోలు ఖర్చు పెరిగింది. పొగగొట్టం మూతికి మసి పట్టింది. కాలుష్య పరీక్షలో కారు తప్పింది. ఆ ధ్రువపత్రం లేక పట్టుబడితే 2019 చట్ట సవరణ ప్రకారం పదివేల రూపాయల దాకా జరిమానా. మరో కారు కొనే స్తోమత అతనికి లేదు. ఆక్సిజన్ సెన్సారు పోయిందని ఎవరో చెప్పగా, దానిని కొని బిగించుకుపోదామని వచ్చాడు.

మెకానిక్కు తలవూపలేదు. “భాయీసాబ్, ముందు చూడనివ్వండి” అన్నాడు.

బొటనవ్రేలంత ఈ పరికరం పొగగొట్టంలో మర వేసి ఉంటుంది. దాని కొనలోని జిర్కోనియా పింగాణి సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడు దాటి వేడెక్కితే, పొగలోని ప్రాణవాయువుకూ బయటి గాలిలోని ప్రాణవాయువుకూ గల తేడానుబట్టి స్వల్ప విద్యుత్తు పుట్టిస్తుంది. పెట్రోలు పాలు ఎక్కువైతే సుమారు 0.9 వోల్టు, తక్కువైతే 0.1. దానినిబట్టి కంప్యూటరు పెట్రోలును తగ్గిస్తూ, పెంచుతూ ఉంటుంది. 1976లో వోల్వో కంపెనీ కాలిఫోర్నియాకు పంపే కార్లలో దీనిని అమర్చింది. పెట్రోలులోని సీసం దీనికి విషం. అందుచేత భారతదేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాలకు సీసం లేని పెట్రోలు వచ్చిన తరువాతనే ఇటువంటి పరికరాలకు దారి ఏర్పడింది.

వర్తకుని కారులో మీటరు ముల్లు 0.1 వద్దనే నిలిచిపోయింది. పెట్రోలు చాలడంలేదని దాని అర్థం. మసి చెప్పేది అందుకు విరుద్ధం. సెన్సారుకు ముందున్న గొట్టంలో పగులుంటే బయటి గాలి లోపలికి చొరబడి, ఆరోగ్యంగా ఉన్న సెన్సారు చేత కూడా ఇదే మాట చెప్పిస్తుంది. ఆ సంగతి చూడకుండా కొత్తది బిగించి, వేలు పోగొట్టుకున్నవారు ఎందరో. మెకానిక్కు గొట్టం అతుకులన్నీ తడిమి చూశాడు. మసి చార లేదు. తీగలు, హీటరు బాగున్నాయి. ఇంజను గాలి పీల్చుకునే చోట కార్బురెటరు శుభ్రపరచే ద్రవాన్ని కొద్దిగా చల్లాడు. బాగున్న సెన్సారైతే ముల్లు వెంటనే 0.9 వైపు లేవాలి. లేవలేదు. సెన్సారు చచ్చిందని అప్పుడు ఒప్పుకున్నాడు.

పాతది ఊడదీయడమే అసలు శ్రమ. తుప్పు వదిలే నూనె పోసి, ఇంజను గోరువెచ్చగా ఉండగా, తీగకోసం పక్కన చీలిక వదిలిన 22 మిల్లీమీటర్ల పానాతో తిప్పాడు. బలవంతం చేస్తే గొట్టంలోని మరలే ఊడివస్తాయి. ఆ తరువాత ఖర్చుకు అంతు ఉండదు. అరగంటకు కిర్రుమని లొంగింది. కొత్తది నాలుగు తీగలది. పాతదానిపై ఉన్న నంబరుతో సరిచూసి, వర్తకుడే పక్క దుకాణంలో బేరమాడి తెచ్చాడు. మరలు పట్టివేయకుండా లేపనం రాసి, కొనకు అంటనివ్వక బిగించి, తీగను వేడి గొట్టానికి దూరంగా కట్టాడు.

కంప్యూటరులో నిలిచిన తప్పు సంకేతాన్ని చెరిపి ఇంజను నడిపితే, ఒక నిమిషం తరువాత ముల్లు కదిలింది. 0.1, 0.8, 0.2, 0.9 అంటూ నిలకడ లేక ఊగసాగింది. అది చూసి వర్తకుడు ఇదీ చెడిందేమోనని కంగారు పడ్డాడు. అలా ఊగడమే దానికి ఆరోగ్యమని మెకానిక్కు నచ్చచెప్పవలసి వచ్చింది. పసుపు దీపం మళ్ళీ వెలగలేదు. మధ్యాహ్నానికి వర్తకుడు కారు తీసుకుని, పెట్రోలు బంకు పక్కనున్న కాలుష్య పరీక్షా కేంద్రం ముందు వరుసలో నిలిచాడు.