రెండో వాన కోసం

తిరుపతిలో ఏ కాలం నడుస్తోందో కపిలతీర్థం దగ్గర తలెత్తి చూస్తే తెలిసిపోతుంది. మే నెలలో ధార సన్నగిల్లి, ఒక్కోసారి ఎండకు కాగిన ఎర్రబండే మిగులుతుంది. కార్తీకంలో అదే బండ మీంచి శేషాచలం నీళ్లు కోనేట్లోకి హోరున దూకుతాయి. కార్తీక పౌర్ణమినాడు ముల్లోకాల తీర్థాలూ ఇక్కడికి వస్తాయని జనం మునుగుతారు. ఆ ముక్కోటి స్నానాన్ని ఆ రోజుకు పెట్టినవాళ్లెవరో గానీ, ఇక్కడి వాన సంగతి బాగా ఎరిగినవాళ్లే!

గోదావరి జిల్లాలు నైరుతిని నమ్ముకుంటాయి. ఇక్కడికొచ్చేసరికి ఆ మేఘాలు చాలా బరువు పడమటి కనుమల మీదే దించుకుని ఉంటాయి. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో పడ్డ నాలుగు చినుకులకే అదును చూసుకుని చెనిక్కాయలు వేస్తారు. చెరువులు నిండాలంటే మాత్రం అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతం కరుణించాలి. చిక్కల్లా, చెనిక్కాయలు పీకే రోజులూ అవే. బోరులోకి నీళ్లు దిగడానికి వాన రావాలి. పీకి ఆరబెట్టిన కట్టె నల్లబడకుండా ఆగాలి. ఏమని మొక్కుకోవాలి?

2021 నవంబరులో మొక్కినదానికి మించి వచ్చింది. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే కనిపించే స్వర్ణముఖి ఒడ్లు తెంచుకుంది. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ పల్లెలు ఖాళీ చేయించారు.

ఎండాకాలం చిత్తూరు వైపు తోతాపురి మామిడిది. తినేవాళ్లకన్నా గుజ్జు ఫ్యాక్టరీలకే ఎక్కువ పోయే కాయ అది. జూన్, జూలైలో గేట్ల ముందు ట్రాక్టర్ల వరస. పండిన కాయ ఎదురుచూడదని కొనేవాడికీ తెలుసు. 2025లో ధర పడిపోతే కిలోకు 4 రూపాయలు ప్రభుత్వం కలపాల్సి వచ్చింది.

తిరుపతి ఊరికి వేసవంటే గంగజాతర. మేలో ఎండలు ముదిరిన వారంలో ఊరు వేషాలు కడుతుంది: బైరాగికి తెల్లసుద్ద, తోటికి బొగ్గుపొడి, దొరకు గంధం. మగవాళ్లు చీర కట్టి, పూలజడ వేసుకుని మొక్కు తీర్చుకుంటారు. కొండమీద దేవుడి ఊరనుకుని వచ్చినవాళ్లకు ఈ కిందిఊరు కొత్తగా ఉంటుంది. గంగమ్మ కొండ దేవుడికి చెల్లెలు. పుట్టింటి సారె కొండ మీంచే దిగుతుంది. జాతర ఆఖరి తెల్లవారుజామున గుడిముందు మట్టితో చేసిన గంగమ్మ విశ్వరూపం చెంప నరికాక, ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. పిడికెడు దొరికితే కొంగున కట్టుకుని, ఎండెక్కకముందే ఇల్లు చేరతారు.